ఇంకో కోటు

నెల్లికుదురులో నాన్న కట్టిన ఇంట్లో వంటింటి గోడ పొడుగునా ఒక అల్మారీ ఉంది. దానికి ఎనిమిది చెక్క తలుపులు. 1986లో, మాది ఇంకా వరంగల్ జిల్లాగా ఉన్నప్పుడు, నాన్న వాటిని వరంగల్‌లో చేయించి, రంగు కూడా అక్కడే వేయించి బండి మీద తెచ్చాడు. ఆ తర్వాత ఏటా దసరా ముందు తానే బ్రష్షు పట్టుకుని పచ్చ ఎనామిల్ ఒక కోటు వేసేవాడు. మనిషిని పెడదామంటే ఒప్పుకునేవాడు కాదు. "నేనున్నన్ని రోజులు వాటి మీద ఇంకొకరి చెయ్యి పడొద్దు" అనేవాడు. హెడ్‌మాస్టరు గారి పొదుపు అనుకునేవాళ్లం. ఆ పొదుపన్నా నాకు గౌరవమే.

నాన్న పోయిన రెండేళ్లకు ఇల్లు బాగుచేయించడం మొదలుపెట్టాం. తలుపులు పీకేసి ప్లైవుడ్, లామినేటు వేయించుకోమని అందరూ చెప్పారు. నాకు మనసొప్పలేదు. లోపలున్నది పాత టేకు. గూడూరు, కొత్తగూడ అడవులు పక్కనే పెట్టుకుని పెరిగినవాళ్లం, అంత ముదిరిన చెక్క ఇప్పుడు కొందామన్నా ఎంత కష్టమో తెలుసు. ఎనామిల్ తీసేసి ముదురు వాల్‌నట్ స్టెయిన్ పట్టిస్తే ఇంకో తరం నిలుస్తుందని నా నమ్మకం.

కేసముద్రం వైపు నుంచి ఒక వడ్ల మేస్త్రీ వచ్చాడు. ఇంచుమించు నా వయసువాడే. తక్కువ మాటల మనిషి. నేను సాండ్ పేపరు కట్ట ముందు పెడితే పక్కకు జరిపాడు.

"పాత పెయింటుల సీసం ఉంటది సార్. పొడి లేపితె మీ వంటింట్లనే పడ్తది. పిల్లలు తిరిగే ఇల్లు."

అతనన్నది నిజం. ఇంటి పెయింట్లలో సీసం పదిలక్షల పాళ్లకు 90 మించకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చిందే 2017 నవంబరులో. అంతకు ముందరి డబ్బాల్లో ఏముందో ఎవరు చూశారు? తలుపులన్నీ ఊడదీసి పెరట్లో వేపచెట్టు కింద పరిచి, పెయింట్ రిమూవర్ పూసి, ఎనామిల్ ఉబ్బి బుడగలు లేచాక బ్లేడుతో గీకాడు. పచ్చ కింద పచ్చ, దాని కింద ఇంకో పచ్చ. ఒక్కో దసరా ఒక్కో పొరగా ఊడి వచ్చింది. గీకిన తుక్కంతా గోనెపట్టా మీద పడేలా చూసుకుని సంచిలో కట్టేశాడు.

పని తెలిసినవాడు పనిచేస్తుంటే చూడటం నాకిష్టం. 120 నంబరు పేపరు, ఆ తర్వాత 180, రెండూ చెక్క గీత వెంటే. అడ్డంగా ఒక్కసారి రుద్దినా ఆ గీరలు స్టెయిన్ తాగి నల్లగా తేలతాయట. టేకులో సహజంగానే నూనె ఉంటుంది కనుక, స్టెయిన్ పెట్టేముందు థిన్నరు గుడ్డతో తుడవాలట. ముందు ఒక తలుపు వెనకవైపు రంగు పట్టించి చూపించాడు.

"స్టెయిన్ అంటె పెయింటు లెక్క కప్పేది కాదు సార్. చెక్కల ఏమున్నదో దాన్నే ముదురు చేస్తది."

ఒక్కటే అర్థం కాలేదు. ప్రతి తలుపుకూ పై అంచు కింద, ఈ కొస నుంచి ఆ కొసకు, వేలెడు వెడల్పున లప్పం పట్టీ ఉంది. ఎనిమిదింటికీ అదే చోట. "గింత మంచి టేకుకు లప్పమెందుకు పెట్టిన్రు సార్?" అన్నాడు మేస్త్రీ. తెలియదన్నాను.

రెండో రోజు చాయ్ తాగుతూ నాన్న సంగతి చెప్పుకొచ్చాను. ఆయన ఫొటో చూసి ఎవరడిగినా చెప్పే సంగతే అది. నాన్న హెడ్‌మాస్టరుగా ఉన్న బడిలో ఒక సెలవుల్లో డెస్కు బల్లలు మాయమయ్యాయి. గది తాళాలు అటెండరు దగ్గరే ఉండేవి. విరిగిన బల్లలు బాగుచేసేదీ అతనే. పిల్లలు గలవాడని ఊరి పెద్దలు బతిమాలినా నాన్న వినలేదు. రిపోర్టు తన చేత్తోనే రాశాడు. అతని ఉద్యోగం పోయింది, ఊరు విడిచిపోయాడు. "బడి సొత్తు పిల్లల సొత్తు" అని నాన్న అన్నమాట మా ఇంట్లో వేదం. నేను ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసి ఒక్క రూపాయి ముట్టకుండా బయటపడ్డానంటే ఆ మాట వల్లే.

మేస్త్రీ చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"ఎన్ని బల్లలు సార్?"

"నాలుగు."

వేపచెట్టు కింద వరసగా పరిచిన తలుపుల వైపు ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. మిగిలిన పని లెక్క వేసుకుంటున్నాడనుకున్నాను. లేచి వెళ్లి సన్నటి ఉలి తీసుకుని మొదటి తలుపు ముందు కూచున్నాడు. లప్పం కింద ఉలి పెట్టి మెల్లగా ఎత్తాడు. పెళ్లలు పెళ్లలుగా రాలింది.

దాని కింద అంచు పొడుగునా ఒక గాడి.

వంగి వేలు పెట్టి చూశాను. పెన్ను జారిపోకుండా పెట్టుకునే గాడి. పదో తరగతి దాకా నా పెన్ను పడుకున్నది అలాంటి దాంట్లోనే. గాడి చుట్టూ టేకులోకి ఇంకిపోయిన నీలి మచ్చలు. రెండో తలుపుకూ గాడి, సిరా. రెండూ పక్కపక్కన పెడితే గాడి ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి తిన్నగా వెళ్లింది. ఒకే పలక, మధ్యకు కోసింది.

మూడో తలుపుకు నడుమ సన్నటి నెర్ర ఉంది. ఆ నెర్ర ఇంకా విచ్చుకోకుండా, దానికి అడ్డంగా, సీతాకోకచిలుక ఆకారంలో ఒక నల్లటి బిళ్ల దిగేసి ఉంది. వెంట్రుక దూరే సందు లేదు. మేస్త్రీ దాని మీద బొటనవేలు పెట్టి అట్లాగే ఉండిపోయాడు.

"జిట్రేగి చెక్క" అన్నాడు చివరికి. "మా బాపు అతుకు సార్ ఇది. మేకు కొట్టకపోతుండె ఆయన. బిళ్ల కోసి దిగేస్తుండె. పానం పొయ్యేదాక ఈ నాలుగు బల్లల కోసం దేవులాడిండు."

నా నోట మాట రాలేదు. లోపల మా ఆవిడ ఏదో అడుగుతోంది, వినబడుతూనే ఉంది.

అతను గొంతు పెంచలేదు. తలుపును థిన్నరు గుడ్డతో తుడిచాడు, ఆరనిచ్చాడు. స్టెయిన్ డబ్బా బాగా కలిపి, గుడ్డ ముంచి, చెక్క గీత వెంట నిమ్మళంగా పట్టించాడు. టేకు ముదురు రంగు తాగింది. నీలి మచ్చలు మునిగిపోయాయి. బిళ్ల అంచులు మాత్రం ఇంకా లీలగా కనబడుతున్నాయి.

గుడ్డ మళ్లీ డబ్బాలో ముంచి, నా వైపు చూడకుండా అడిగాడు.

"ఇంకో కోటు ఏస్తె ఇది గుడ కలిసిపోతది సార్. ఎయ్యాల్నా?"