సోమరితనానికి తెల్లకార్డు

‘‘కూలికి మనిషి దొరకడం లేదండీ. అన్నీ ఉచితంగా పంచిపెట్టి జనాన్ని సోమరిపోతుల్ని చేసేశారు!’’

ఈ మాట వినడానికి పొలం దాకా పోనక్కర్లేదు. అపార్ట్‌మెంట్ లిఫ్టులో వినొచ్చు, పెళ్లి భోజనాల్లో సాంబారుకీ పెరుగుకీ మధ్య వినొచ్చు. అనే పెద్దమనిషికి ఊళ్లో పొలం ఉంటుంది. ఆయన ఆ గట్టు తొక్కి ఎన్నేళ్లయిందో కౌలు రైతునడిగితే చెబుతాడు. పనిమనిషి నాలుగు రోజులు రాకపోతే ఆ నాలుగు రోజులూ ఆయన ఇంటికి హోటల్ నుంచే భోజనం. అయినా సోమరితనం మీద ఆయన మాట్లాడుతుంటే మనం ఎదురు చెప్పకూడదు. అనుభవం మీద చెబుతున్నారు మరి!

ఆయన సిద్ధాంతం ప్రకారం సర్కారు సొమ్ము ఒక మత్తుమందు. పేదవాడి ఇంట్లో పడిందా, వాడిక మంచం దిగడు. 1983లో ఎన్టీ రామారావు కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చినప్పుడూ ఇలాంటి పెద్దమనుషులు ఇదే జోస్యం చెప్పారు. నలభై ఏళ్లకు పైగా ఈ మందు మింగుతున్న జనం ఈపాటికి గురకలు పెడుతుండాలి. తీరా చూస్తే పాలమూరు వాళ్లు ముంబయిలో ఇళ్లు కడుతున్నారు. శ్రీకాకుళం మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా పోయి అక్కణ్నుంచి వేటకు సముద్రంలోకి దిగుతున్నారు. జగిత్యాల మగవాళ్లు దుబాయి ఎండలో ఉంటే, కడప, కోనసీమ ఆడవాళ్లు కువైట్ వంటిళ్లలో ఉన్నారు. బతుకుతెరువుకు ఇంతింత దూరాలు పోయే సోమరులు ఇంకే దేశంలో ఉన్నారో వెతకాలి.

ఇంతకీ ఆ మందు మోతాదెంత? ఆహార భద్రత చట్టం కింద మనిషికి నెలకు అయిదు కిలోలు. రోజుకు 170 గ్రాములు కూడా పడవు. ఒళ్లు వంచి పనిచేసే మనిషికి అది ఒక పూట ముద్ద. రెండో పూట అన్నం, పప్పు, నూనె, గ్యాసు, పిల్లాడి ఫీజు, ముసలమ్మ బీపీ మాత్రలు... ఇవన్నీ బహుశా పడుకునే సంపాదిస్తున్నారు కాబోలు.

ఇక ‘కూర్చోబెట్టి డబ్బులిచ్చే’ పథకం సంగతి. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీకి స్థిరపడిన పేరు అదే. ఆ కూర్చోవడం ఎలాగంటే, వేసవిలో తెల్లారకముందే పలుగూ పారా తట్టా పట్టుకుని చెరువు దగ్గరికి పోవాలి. ఎండకు రాయిలా బిగిసిన నేలను తవ్వి, ఆ మట్టిని గట్టు మీదికి మొయ్యాలి. 2025-26లో రోజు కూలి 307 రూపాయలని కాగితం మీద ఉండేది. చేతికొచ్చేది మాత్రం కొలతను బట్టి. గొయ్యి లోతు తగ్గితే కూలి తగ్గుతుంది. పైగా 2023 జనవరి నుంచి రోజుకు రెండుసార్లు అందరినీ నిలబెట్టి, పని చూసే మేటు ఫోన్లో ఫొటో తీసి యాప్‌లోకి ఎక్కించాలి. సిగ్నల్ అందక ఫొటో ఎక్కకపోతే అప్పటిదాకా కార్చిన చెమటకు సాక్ష్యం ఉండదు. ఇంత కాపలాలోనూ సోమరిగా ఉండగలిగితే వాళ్లకు పద్మశ్రీ ఇవ్వొచ్చు.

సర్కారు సొమ్ము సోమరుల్ని చేస్తుందన్న ఈ జోస్యాన్ని నిజంగానే పరీక్షించి చూసినవాళ్లున్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి కూలి డబ్బు స్మార్ట్‌కార్డుల ద్వారా ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తాంకర్ అనే ఆర్థికవేత్తలు 157 మండలాల్లో దాని ఫలితం కొలిచారు. డబ్బు సక్రమంగా అందిన మండలాల్లో పేద కుటుంబాల సంపాదన పది శాతానికి పైగా పెరిగింది. అందులో సర్కారు కూలి వాటా కొంచెమే. బయటి పనుల్లో కూలి రేట్లు పెరగడం వల్ల వచ్చిందే ఎక్కువ. పోనీ బయటి పనులకు మనుషులు తగ్గారా అంటే అదీ లేదు.

ఇప్పుడర్థమైందా అసలు నొప్పి ఎక్కడుందో? మనుషులు దొరుకుతున్నారు. పాత రేటుకు దొరకడం లేదు. వాకిట్లో నిలబడి ‘ఎంతిస్తే అంతే అయ్యా’ అన్నవాళ్లే ఇవాళ ‘ఎంతిస్తావు?’ అని అడుగుతున్నారు. బియ్యం డబ్బా అడుగంటని ఇంటి నుంచి వచ్చిన మనిషికి బేరమాడే ఓపిక ఉంటుంది. ఆ ఓపికకే మన పెద్దమనిషి సోమరితనం అని పేరు పెట్టాడు.

పార్లమెంటు కూడా ఆయన మొర ఆలకించింది. 2025 డిసెంబరులో ఉపాధి హామీ స్థానంలో తెచ్చిన కొత్త చట్టంలో పనిదినాలు 125 అన్నారు. సాగు పనులు ముమ్మరంగా ఉన్నప్పుడు ఏడాదిలో 60 రోజులు ఈ పనులు ఆపేందుకూ వీలు కల్పించారు. మంచిదే. కానీ వాళ్లు సోమరులే అయితే, అక్కడ పని ఆపినంత మాత్రాన ఇక్కడ నాట్లకెందుకొస్తారు? సోమరివాడు రెండు చోట్లా పడుకునే ఉంటాడు గదా!

సర్కారు సొమ్మనే ఆ మందు గుణం ఇంకా విచిత్రమైంది. కొందరి ఒంటికి అసలు ఎక్కదు. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు కింద ఎకరాకు సీజనుకు మొదట నాలుగు వేలు, తర్వాత అయిదు వేలు ఇచ్చారు. ఎన్ని ఎకరాలకైనా ఇచ్చారు. నలభై ఎకరాల ఆసామికి ఏడాదికి నాలుగు లక్షలు, ఆ నేల దున్నిన కౌలు రైతుకు సున్నా. నాలుగు లక్షల మోతాదు పడ్డా ఆ ఆసామి మత్తులో పడ్డాడని ఎవరూ కంగారు పడలేదు.

2019 సెప్టెంబరులో కంపెనీల పన్ను 30 నుంచి 22 శాతానికి దించారు. ఏటా 1.45 లక్షల కోట్లు వదులుకుంటున్నామని ప్రభుత్వమే చెప్పింది. 2025 బడ్జెట్‌లో 12 లక్షల దాకా సంపాదించేవాళ్లకు ఆదాయపు పన్ను లేకుండా చేశారు. దానికి ఖజానా వదులుకునేది సుమారు లక్ష కోట్లు. అదే బడ్జెట్‌లో ఉపాధి హామీకి పెట్టింది 86 వేల కోట్లు. వాళ్లకు ఊరికే వస్తే మత్తు, మనకు మిగిలితే హుషారు! ఇక తాత సంపాదించిన ఆస్తి సంగతి చెప్పనే అక్కర్లేదు. వారసత్వపు పన్నును 1985లోనే ఎత్తేశారు. ఆ ఆస్తి మీద మామగారిచ్చిన కట్నం అదనం. ఏ పనీ చెయ్యకుండా చేతికొచ్చే సొమ్ముకు ఇంతకన్నా స్వచ్ఛమైన ఉదాహరణ ఉంటే చెప్పండి. అయినా కట్నం తీసుకున్న అల్లుడు సోమరి అయిపోతాడేమోనని ఏ పెళ్లిపెద్దా బెంగపడడు.

ఏ పథకం ఓట్ల కోసం పెట్టారు, అప్పు తెచ్చి పంచితే రేపు తీర్చేదెవరు, పంచే డబ్బుతో ఆస్పత్రికి డాక్టరు వచ్చేవాడు కాదా అని అడగండి. తప్పకుండా అడగాలి. అవి ఖర్చుల లెక్కలు. ఆ లెక్క తేల్చమంటే కూలివాళ్ల శీల పరీక్ష మొదలెడతారేం?

పరీక్ష ఉండాల్సిందేనంటే అందరికీ పెడదాం. పన్ను మినహాయింపు పొందినవాళ్లు రోజుకు రెండుసార్లు ఎండలో వరుసగా నిలబడి ఫొటో దిగాలి. యాప్ ఒప్పుకోకపోతే ఆ రోజు రాయితీ కట్. ఆస్తి వచ్చిన వారసులు, కట్నం ముట్టిన అల్లుళ్లు పలుగు పట్టి తలా ఒక గొయ్యి తవ్వాలి. లోతు తగ్గితే ఆ మేరకు ఎకరాలు కోసెయ్యాలి. ఏడాదికోసారి గ్రామసభలో సామాజిక తనిఖీ పెట్టి, ఎవరికి ఎంత ముట్టిందో, ఎవరు ఎంత తవ్వారో పేరుపేరునా చదివి వినిపించాలి. తనిఖీ చేసేది ఉపాధి కూలీలు. అభ్యంతరాలేమైనా ఉంటే వాళ్లే నమోదు చేస్తారు.