పునఃప్రవేశ మీమాంస

మన ఐపీయల్ జట్టు సన్‌రైజర్సునకు ఒకప్పటి నాయకుడైన వార్నరును మరల రానీయవలెనా, వలదా యను తగవు మా ఫిలింనగరులో ఇంకను తెగలేదు. సన్‌రైజర్సు ఓడిన మరునాటి యుదయమున అది టీకొట్టు కడ మొలకెత్తును. ఓడక గెలిచినచో "వార్నరన్న ఉంటే రెండోవర్లు మిగిలేవి గదా" యను వేరొక రూపమున మొలకెత్తును. వానచేత ఆట నిలిచిపోయిన దినమున, మాటలాడుటకు ఆట లేదు గనుక, మరింత యేపుగా పెరుగును. దైవసన్నిధానమునుండి దిగివచ్చు భక్తులు ప్రసాదము తిన్న చేయి తుడుచుకొనకముందే తాము ఏ పక్షమో తేల్చి చెప్పవలసి వచ్చుచున్నది. పాలప్యాకెట్టు కొఱకు బోయిన నేను, ఆ పాలు నా చేతిలోనే విరిగిపోవువరకు నిలిచి, ఇరుపక్షముల వాదము వినవలసి వచ్చుచున్నది.

మీదనున్న జూబిలీహిల్సువారు మాకంటె శాంతపరులని మీరనుకొందురేమో. 36వ నంబరు రోడ్డునందలి కాఫీ హోటళ్లలో జరుగుచున్నదియు ఈ తగవే. కప్పు ధర హెచ్చగుటచేత అక్కడ వాదము గుక్కకొక వాక్యము చొప్పున పొదుపుగా నడుచును, అంతియే భేదము. కె.బి.ఆర్. పార్కు చుట్టును తెల్లవారుజామున నడచు పెద్దలు, వైద్యులు చెప్పిన నెమ్మదిని మరచి, స్ట్రయికు రేట్లను గూర్చి వేయు కేకలకు లోపలి నెమళ్లు తమ కేకలు మానుకొన్నవని వినుచున్నాను.

రావలెననువారి వాదము 2016తో ప్రారంభమై 2016తోనే ముగియును. ఆ యేడు అతడు 848 పరుగులు చేసినాడనియు, మే 29వ తేదీన బెంగుళూరులో, బెంగుళూరువారిమీదనే జరిగిన తుదిపోరున 38 బంతులలో 69 కొట్టినాడనియు, 8 పరుగుల తేడాతో మనకు కప్పు దక్కినదనియు, ఆ కప్పు మరల మన గడప త్రొక్కలేదనియు వారందురు. ఇందులో దబ్బర యొక్కటియు లేదు. 2024లో కమిన్సు నాయకత్వమున ఉప్పలులో ముంబయిమీద 277, బెంగుళూరులో 287 కొట్టి, దేశమంతయు నోరు తెరచి చూచుచుండగా, తీరా చెన్నైలో జరిగిన తుదిపోరున 113కే కుప్పకూలితిమి. ఆ రాత్రి మా వీథిలో కనీసము నాలుగు మేడలమీదనుండి "వార్నరుండాల్సింది" అన్న మాట వినవచ్చినది.

వలదనువారికి జ్ఞాపకశక్తి తక్కువదేమియు కాదు. అతడు ఢిల్లీకి బోయి, 2022 మే 5న మనమీదనే 92 కొట్టి నాటౌటుగా నిలిచినాడు. 2023 ఏప్రిల్ 24న ఢిల్లీ నాయకుడై ఉప్పలుకే వచ్చి, ఆటకు ముందు మన భువనేశ్వరు పాదములంటి నమస్కరించి, ఆటయైనపిదప ఏడు పరుగుల తేడాతో మనలను ఓడించి పోయినాడు. ఇంతటి వినయముతో ఇంతటి అపకారము చేసినవానిని మరల నమ్ముట యెట్లని వారి ప్రశ్న. ఈ ప్రశ్నకు రావలెననువారు చెప్పు సమాధానము "అతను పోయిండా, మీరు పంపిండ్రా?" అని. ఇది వినినంతనే వలదనువారు తమ గ్లాసులు బల్లమీద కొట్టుదురు. టీకొట్టు యజమాని వచ్చి గ్లాసులకు బీటలు వారినవేమో చూచుకొనును. మీమాంస కొంతసేపు నిలిచిపోవును.

నిజమునకు, క్షమించుట మనకు కొత్త గాదు. 2018 మార్చిలో కేప్‌టౌనున బంతిని గీకించిన వ్యవహారమున అతడు ఆ యేటి ఐపీయల్‌కు దూరమైనాడు. మరుసటి వత్సరము మనము క్షమించితిమి. అతడు బెయిర్‌స్టోతో కలసి మార్చి 31న ఉప్పలులో బెంగుళూరుమీద తొలి వికెట్టునకు 185 పరుగులు జోడించి, ఆ వేసవిలో మొత్తము 692 చేసి, మన క్షమకు వడ్డీతో గూడ చెల్లించినాడు. ఒకసారి ఇంత లాభము వచ్చిన క్షమను రెండవసారి చేయుటకు ఇంత చర్చ యేల? ఏలయనగా ఇప్పుడతడు నలువది దాపునకు వచ్చినాడు. క్షమయను గుణము నలువదిలో నున్నవారి విషయమున సన్నగిల్లును.

మధ్యేమార్గపువారు కొందరు కలరు. వీరిలో ముఖ్యుడు మా పక్కయింటి విశ్రాంత బ్యాంకు అధికారి. ఆటగానిగా వలదు, శిక్షకునిగా రానిండు, జీతములో సగము కోయుడు అని ఆయన మతము. ఆయన ఏ చర్చనైనను జీతములో సగము కోయించి ముగించును.

ఇక సినిమావారి పక్షము. వీరు చెప్పునదేమనగా, అతడు ఏనాడో వచ్చివేసినాడు, మీరు చూడలేదు. 2024 నవంబరున జెడ్డాలో జరిగిన వేలములో, 2 కోట్ల ప్రారంభపు వెలకు పది జట్లలో ఒక్కటియు చేయియెత్తకపోగా, నాలుగు నెలలకే, 2025 మార్చి 28న విడుదలైన నితిను చిత్రము 'రాబిన్‌హుడ్'లో మన తెరమీద తేలినాడు. విడుదలకు ముందు హైదరాబాదులో సభ చేసిరి, వచ్చినాడు, జనము పండుగ చేసికొనిరి. మార్కెట్టు తగ్గిన హీరో క్యారెక్టరు వేషములకు దిగుట ఈ కొండమీద నూరుమార్లు చూచినదే గనుక, మా వీథిలో దీనికెవ్వరును ఆశ్చర్యపడలేదు.

పునఃప్రవేశమను మాట వచ్చినది గనుక, ఆ విద్యయందు ఆరితేరిన మా వీథి సహాయదర్శకుని మతమును గూడ ఇచ్చట వ్రాయక తప్పదు. "రావాలా వద్దా అన్నది కాదు సార్ పాయింటు, ఎట్లా వస్తాడన్నది పాయింటు" అని అతడు నన్ను నిలిపివేసినాడు. తెలుగు తెరమీద నాయకుడు ముఖముతో తిరిగి రాడు. మొదట చక్రము వచ్చును. చక్రమునకు బురద యుండవలెను, వేసవియైనను సరే. పిమ్మట వాహనపు తలుపు. తలుపు క్రింద బూటు. బూటు నేల తాకుటతోడనే దుమ్ము. బురదయు దుమ్మును ఒక్కచోట నెట్లుండునని నేనడిగితిని. బురద చక్రమునకు, దుమ్ము బూటునకు అని అతడు నిదానముగా విడదీసి చెప్పినాడు. ఆ దుమ్ము లేపుటకు పంకాతో గూడ ప్రత్యేకముగా మనిషి యుండును. దుమ్ము చాలకున్నచో దర్శకుడు మొదట తిట్టునది వానినే. దుమ్ము తరువాత మణికట్టు, మణికట్టునకు కడియము, కడియము మీద ఎండ. అప్పటికిని ముఖము లేదు. ఈ వ్యవధిలో కత్తులు సగమెత్తిన ప్రతినాయకుని అనుచరులు, ఏ విశ్వవిద్యాలయమునందును నేర్పని సభామర్యాదతో, కత్తులు సగములోనే నిలిపి వేచియుందురు. పిదప వీపు. వీపును మొట్టమొదట గుర్తుపట్టవలసినది ఒక ముసలమ్మ. చూపు మందగించినదై యుండుట శ్రేష్ఠము. ఆమె కర్ర జారవిడుచును. గాలి లేకయే గుడిగంట మ్రోగును. ఎవడో "వచ్చాడ్రా!" అనును. అప్పుడు ముఖము.

"ఇదంతయు ఉప్పలులో నెట్లు సాధ్యము?" అంటిని. 2023 ప్రపంచకప్పులో శ్రీలంక మాథ్యూసు, హెల్మెట్టు పట్టీ తెగినందున కొంచెము జాగు చేయగా, టైమ్‌డ్ అవుటని అంపైరు పంపివేసిన సంగతి జ్ఞాపకము చేసితిని. పట్టీకే ఆగని అంపైరు బురదకు, దుమ్మునకు, కడియమునకు, ముసలమ్మకు ఆగునా?

"ఓపెనర్ గదా సార్. వాళ్లొచ్చేదాకా ఆటే మొదలు కాదు" అని సహాయదర్శకుడన్నాడు. దీనికి నాయొద్ద సమాధానము లేకపోయినది. జూనియర్ ఆర్టిస్టులను సమకూర్చు ఏజెంటు ఒకడు పక్కనే యుండి, ముసలమ్మలు కృష్ణానగరులో ఎంతమంది కావలసిన అంతమంది దొరుకుదురనియు, చూపు మందగించినవారికి రేటు వేరనియు జోడించినాడు.

ఈ కొండవారు పునఃప్రవేశములను గూర్చి ఇంత ధీమాగా మాటలాడుటకు కారణము లేకపోలేదు. ముఖ్యమంత్రిగా నుండి దిగిపోయిన రామారావుగారు 1993లో 'మేజర్ చంద్రకాంత్'గా వచ్చిరి. రాజకీయములలోనికి బోయి దాదాపు పదేండ్లు కథానాయక వేషము వేయని చిరంజీవిగారు 2017 సంక్రాంతికి 'ఖైదీ నంబర్ 150'గా వచ్చిరి. అప్పుడు రానిత్తుమా, మానుదుమా యని ఎవ్వరును ఓట్లు తీయలేదు. టికెట్లున్నవా యని మాత్రమే అడిగిరి.

నా గొణుగుడు ఇక్కడనే మొదలగుచున్నది. సినిమాలో టికెట్టు కొన్నవాని మాట కొంత చెల్లును. ఈ జట్టు పేరు హైదరాబాదు. యజమానులు చెన్నైలోని సన్ టీవీవారు. ఆటగాండ్రను కొన్న సంత జెడ్డాలో. తలుపు మనది కాదు, తాళము మనది కాదు, లోనికి రావలసినవాడు సిడ్నీవాడు. సంక్రాంతికి అలిగిపోయిన అల్లుని గూర్చి అత్తమామలు ఊరకుండగా ఎదురింటివారు పంచాయితీ పెట్టినట్లున్నది మన వ్యవహారము. అంత పట్టుదలయే యున్నచో మన యూరివారిమాట యేమి? 2008లో ఈ నగరపు తొలి ఐపీయల్ జట్టు డెక్కన్ చార్జర్సునకు నాయకుడైన లక్ష్మణు 2011లో కొచ్చికి ఆడినాడు. ఏ టీకొట్టు కడను గ్లాసులు పగిలినట్లు నాకు జ్ఞాపకము లేదు. 2017లో ఇక్కడ ఆడిన మన సిరాజు బెంగుళూరుకు, పిమ్మట గుజరాతునకు బోయి, 2025 ఏప్రిల్ 6న ఉప్పలులోనే 17 పరుగులకు నాలుగు వికెట్లు తీసి మనలను పడగొట్టినాడు. "ఎంతైనా మనోడే" అని మురిసి టీలు త్రాగి యిండ్లకు బోయితిమి. మనోడైనవానిని తెచ్చుకొనవలెనని మాత్రము ఒక్కడును తగవు పెట్టలేదు. సిరాజు 'బుట్టబొమ్మ'కు నాట్యమాడియుండిన యెడల కథ వేరుగా నుండెడిదేమో.

అసలు మర్మము ఆ నాట్యముననే యున్నది. 2020 ఏప్రిల్ చివరి దినములు. వీథులన్నియు మూతపడి, షూటింగులు నిలిచి, మా యేజెంటు వంటివారు ఫోను మ్రోగునేమోయని దానినే చూచుచు కూర్చున్నవేళ, ఎక్కడో ఆస్ట్రేలియాలో తన యింటి ముంగిట ఒకడు భార్యతో గూడ 'అల వైకుంఠపురములో' పాటకు అడుగులు వేసినాడు. అడుగులు సరిగా పడెనా లేదా యని మనము చూడలేదు. మన పాటను మనకంటె శ్రద్ధగా ఆడినవాడు ఒకడు కనిపించెను. పిమ్మట 'పోకిరి' సంభాషణ చెప్పినాడు, బాహుబలి కవచము తొడిగినాడు, మైదానములో గడ్డము క్రింద చేయి త్రిప్పి పుష్పరాజైనాడు. పరుగులు చేసినవానిని మనము మెచ్చుకొందుము. మనలను అనుకరించినవానికి మాత్రము లొంగిపోదుము. ఇది కొంత చవుకబారు గుణమని నాకు తెలియును. అయినను ఆ పాట నేనును మరల మరల పెట్టుకొని చూచితిని.

ఆ నాట్యమాడిన మరుసటి వత్సరమే, 2021 మే 1న, ఒక ప్రకటన వెలువడినది: నాయకత్వము విలియమ్సనుకు. మరునాడు ఢిల్లీ మైదానమున అతడు ఆడువారికి నీళ్లు మోసినాడు. ఆ శరత్కాలమున తక్కిన ఆటలు ఎడారి దేశమునకు తరలగా, అక్కడ రెండాటలు ఆడి, జట్టునుండి తొలగి, ప్రేక్షకుల నడుమ కూర్చుండి నారింజరంగు జెండా యూపినాడు. తన్నెందుకు దింపిరో తనకెవ్వరును చెప్పలేదని పిదప అతడే యన్నాడు.

ఈ కొండవాలున ఒక కార్యాలయములో నేను కొన్నియేండ్లు కథాచర్చలలో కూర్చుంటిని. ఉదయము తొమ్మిదింటికి కారు వచ్చుచుండెను. ఒక సోమవారము రాలేదు. డ్రైవరు ఊరికి బోయినాడేమో యనుకొని, చొక్కా నలగకుండ కుర్చీ యంచున కూర్చుంటిని. మంగళవారమును అట్లే. పొమ్మని ఎవ్వరును అనలేదు గనుక, మానుకొంటినని చెప్పుకొనుటకైనను వీలులేకపోయినది. ఇంటిలోనివారు అడిగినప్పుడు "గ్యాపు" అంటిని. ఆ చిత్రము విడుదలైనప్పుడు టికెట్టు కొని చూచితిని. నేను చెప్పిన హాస్యఘట్టమునకు హాలంతయు నవ్వగా, నేనుగూడ నవ్వినచో నా హాస్యమునకు నేనే నవ్వినట్లగునని బిగబట్టి కూర్చుంటిని. నన్ను మరల పిలువవలెనా వలదా యని ఏ టీకొట్టు కడను చర్చ జరిగినట్లు నేను వినలేదు.

మొన్న సహాయదర్శకుడు గట్టిగా పట్టుకొన్నాడు: "ఇంతకీ మీ ఓటు ఎటు సార్?"

రప్పింపకున్నను నాకు సమ్మతమే యంటిని. అయితే ఒక సాయంకాలము ఉప్పలుకు పిలువుడు. టాసుకు ముందు మైకులో పేరు చదువుడు. మీద కప్పులేని బండి యెక్కించి మైదానము చుట్టు త్రిప్పుడు. చప్పట్లు కొట్టి, పోయిరమ్మని పంపుడు. 2021లో చేయవలసిన ఈ పని చేయక, రానిచ్చుటను గూర్చి ఇన్నేండ్లు కొట్లాడుచున్నామని నా బాధ.

"బండి అంటే, ముందు చక్రం చూపిద్దాం" అన్నాడు సహాయదర్శకుడు.

"బురద ఉండాలె గదా" అన్నాడు ఏజెంటు.

ఆ బురద ఖర్చు సన్ టీవీవారు భరింతురా, లేక మనము చందాలు వేసికొనవలెనా యని బ్యాంకు అధికారి అడిగినాడు. అది మొదలు టీకొట్టు మరల రెండు పక్షములుగా చీలినది. సగము చందాయే చాలునని ఆయన మూడవ పక్షము పెట్టినాడు.