జైల్లో పాప పుట్టినరోజు

వెనకట ఇంట్లో ఒకరు జైలుకు పోతే ఇంటిల్లిపాదీ తల దించుకునేది. ఇప్పుడు ఇంటిల్లిపాదీ కలిసి పోతున్నది, అదీ ముందే ఫోన్ చేసి సెల్లు బుక్ చేసుకుని మరీ. గద్వాల నుంచో, వనపర్తి నుంచో, నాగర్‌కర్నూల్ నుంచో కారు కట్టించుకుని హైదరాబాద్ పోవడం, జైలు థీమ్ హోటల్లో ఇనుప చువ్వల వెనక పాప మొదటి పుట్టినరోజు చేయడం ఇప్పటి మర్యాద. ఖైదీ చొక్కా వేసుకున్న కుర్రాడు మండి పళ్లెం మోసుకొస్తాడు. పోలీసు టోపీ పెట్టుకున్నవాడు మామగారికి బేడీలు వేస్తాడు. అల్లుడు ఆ ఫొటో వాట్సాప్ స్టేటస్ పెట్టుకుని మురిసిపోతాడు.

ఈ దారి వేసింది సర్కారే. 1796లో కట్టిన సంగారెడ్డి పాత జైలును మ్యూజియం చేసి, 2016లో ‘ఫీల్ ది జైల్’ అని పేరు పెట్టి, 24 గంటల ఖైదుకు 500 రూపాయలు తీసుకుంది జైళ్ల శాఖ. నేరం చేసినోడికి ఉచితం, చెయ్యనోడికి 500! ప్రైవేటువాళ్లు దానికి పొట్టేలు మాంసం కలిపారు, అంతే.

జైలు వద్దంటే పల్లెటూరు థీమ్ ఉంది. తడికెలు, లాంతర్లు, ముంతలో మజ్జిగ. తీసుకుపోయి కూర్చోబెడితే అవ్వ అడుగుతుంది: “ఏం బిడ్డా, వీళ్లకింకా కరెంటు రాలేదా?” జొన్నరొట్టె రేటు ఆమె కంటబడకుండా మెనూ కార్డు దాచడం మనవరాలి పని.

రాజుల థీమూ ఉంది. గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ, వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ నడుస్తున్నాయి. సప్లిమెంటరీలు రాసిన గోడల్లో మనకు రాజసం ఏం కనబడుతుంది? అందుకే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కోటకు పోయి, తలపాగా చుట్టించుకుని, జీఎస్టీతో సహా కట్టొస్తాం.

మన దిక్కు కూడా ఒకటి తెరవాలె గదా. నేనైతే ‘పాలమూరు లేబర్’ అని బోర్డు పెడతా. 2016 అక్టోబరు 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పాలమూరు నుంచి విడిపోయి వేరే జిల్లాలైనా, ఆ పేరు మీద హక్కు అందరికీ ఉమ్మడే. వలసలు ఆగిపోయాయని నాయకులు ఎన్నికకోసారి చెబుతూనే ఉన్నారు. ఆగిపోయినదాన్నే గదా థీమ్ అని అమ్మేది!

గేటు దగ్గర గుంపు మేస్త్రి మీ పేర్లు రాసుకుంటాడు. కుర్చీలుండవు, కంకర కుప్పలుంటాయి. నెత్తిన రేకులు. సత్తుగిన్నెలో గట్క, దాని మీద పచ్చిమిరపకాయ తొక్కు. స్పీకర్లలో పాటకు బదులు బొంబాయి బస్సు హారన్. పుట్టినరోజు పాపను చెట్టుకు కట్టిన చీర ఉయ్యాలలో పడుకోబెడతాం, తల్లి తట్ట మోయాలి గనక. బిల్లు అసలే లేదు. మేమే తలా ఇంత అడ్వాన్సు చేతిలో పెడతాం. అది తీరేదాకా గేటు తీయం. సెల్ఫీలు ఎన్నయినా దిగొచ్చు.