మీకే బాబూ, మీకే!

మా రోజుల్లో ఓటు ఎవరికని అడిగితే మొహం మీదే చెప్పేవాళ్లు. మా చీరాల ముంతావారి సెంటర్లో నిలబడి ‘మాది కాంగ్రెస్ ఇల్లు’ అని ఒకడు, ‘మాది ఎర్రజెండా’ అని ఇంకొకడు. గోడ మీద వేయించుకున్న గుర్తు వానలకి వెలిసిపోయేదాకా అలాగే ఉండేది. ఇప్పుడు అడిగి చూడండి. వచ్చినవాడి మెళ్లో ఏ కండువా ఉంటే ఆ పార్టీయే. ‘మీకే బాబూ, మీకే’ అంటారు. గంట గడిచాక ఇంకో రంగు కండువా గుమ్మమెక్కితే దానికీ అదే నవ్వు, అదే మాట. ట్యాబ్ పట్టుకొచ్చిన సర్వే కుర్రాడితో కూడా మా ఆవిడ అలాగే అంది. ‘మాది పార్టీ కాదమ్మా, సర్వే’ అన్నాడు పాపం. ‘సరే, అయితే సర్వేకే’ అంది.

లెక్కింపు రోజున టీవీవాళ్లు ‘అనూహ్య ఫలితం’ అని గొంతు చించుకుంటారు. ఎవరికయ్యా అనూహ్యం? మేం చెప్పింది నమ్మినవాళ్లకి.

నా మొదటి ఓటు 1977లో. అప్పట్లో 21 ఏళ్లు నిండితేగానీ ఓటు లేదు. కాంగ్రెస్ గుర్తు ఆవూదూడా ఒకవైపు, జనతా గుర్తు నాగలి పట్టిన రైతు ఇంకోవైపు. మా మగ్గం గుంట పక్కన గూట్లో రేడియో ఉండేది. రాయబరేలీలో ఇందిరమ్మ ఓడిపోయిందని వార్తల్లో విన్నప్పుడు మా నాన్న నేత ఆపేశాడు. ఎదురింటివాళ్లు పరిగెత్తుకొచ్చారు, నిజమేనా అని. దేశమంతా అలా ఉంటే మన రాష్ట్రంలో 42 సీట్లలో 41 కాంగ్రెస్‌వే. ఒక్క నంద్యాలలో సంజీవరెడ్డి గారు జనతా నుంచి గెలిచారు. అక్కడ ఓడిందని ఆశ్చర్యం, ఇక్కడ గెలిచిందని ఆశ్చర్యం. ఆ ఆశ్చర్యంలో కుళ్లు లేదు. ఓట్ల పెట్టె మీద ఒక్కడూ నింద వెయ్యలేదు.

1983 సంగతి చెప్పనే అక్కర్లేదు. 1982 మార్చిలో పుట్టిన తెలుగుదేశం పార్టీ, ఏడాది తిరక్కుండానే రెండొందలు దాటింది. పేపర్ ఏజెంటు నల్లబల్ల మీద సుద్దముక్కతో ఆధిక్యాలు రాస్తుంటే, చెరిపి రాసినప్పుడల్లా జనం ఒక్కసారిగా హోరెత్తేవాళ్లు. మరుసటి ఏడాది 1984 ఆగస్టులో ఆ గద్దెని దొడ్డిదారిన లాగేస్తే ఊళ్లకి ఊళ్లే రోడ్డెక్కాయి. నెల్లాళ్లకి కుర్చీ తిరిగొచ్చింది. జనం కోపానికి అంత బరువుండేది.

మా రోజులు పాలూ తేనే అనను. పల్లెల్లో పెద్దాయన చెయ్యి చూపిన గుర్తు మీదే ముద్ర పడేది. పెట్టెల్లో సిరా పోసినవాళ్లూ, మన ఓటు మనకంటే ముందే వేసి పోయినవాళ్లూ ఉండేవాళ్లు. కాకపోతే ఏ దొంగ ఎవరో మాకు పేరుతో సహా తెలిసేది.

ఇప్పటి చీరాల లెక్క చూడండి. 2014లో రాష్ట్రమంతా తెలుగుదేశం సైకిల్ గాలి. మేం నవోదయం పార్టీ తరఫున నిలబడ్డ ఆమంచి కృష్ణమోహన్‌ని గెలిపించాం. ఆయన సైకిలెక్కాడు. 2019 వచ్చేసరికి వైసీపీ ఫ్యాన్ కిందికి వెళ్లి నిలబడ్డాడు. రాష్ట్రమంతా ఫ్యాన్ గాలే, 175లో 151. మేం మాత్రం సైకిల్ మీదున్న కరణం బలరాం గారికి వేశాం. ఆ పార్టీకి రాష్ట్రం మొత్తం మీద మిగిలిన 23లో ఒకటి మాది. ఏడాదైనా కాకముందే ఆయనా ఫ్యాన్ పక్కకి జరిగారు. పేరుకి పాత పార్టీయే. గాలికి ఎదురొడ్డి రెండుసార్లు వేశాం, రెండుసార్లూ మా ఓటు గాలివాటానికే పోయింది! ఫిరాయింపుల చట్టం 1985 నుంచీ ఉంది. తేల్చాల్సింది స్పీకరు, ఆయన తేల్చేసరికి మళ్లీ ఎన్నికలు ముంగిట్లో ఉంటాయి. 2024లో ఆమంచి కాంగ్రెస్ నుంచి, బలరాం గారి అబ్బాయి వెంకటేష్ ఫ్యాన్ నుంచి నిలబడితే, మేం సైకిల్ మీది మద్దులూరి మాలకొండయ్య యాదవ్‌ని గెలిపించాం. ఇక ఇంటికొచ్చి ‘ఎవరికేస్తారు’ అని అడిగేవాడికి నిజం ఎందుకు చెప్పాలి? గెలిచాక తానెక్కడ ఉంటాడో వాడు మాకు చెబుతున్నాడా?

మిషన్ గొడవ ఇంకోటి. 2019లో ఓడినవాళ్లకి ఈవీఎం మీద అనుమానం, గెలిచినవాళ్లకి అది సత్యహరిశ్చంద్రుడు. 2024లో అదే మిషన్, అనుమానం మాత్రం అవతలివాళ్లకి మారింది. పందెంలో స్థలం పోగొట్టుకున్నవాడు కూడా మిషన్నే తిడతాడు. ‘ఒరే, పందెం కాసింది మిషనా?’ అంటే నామీద ఎగురుతాడు.

సర్కారు మీద నమ్మకం పోవడమంటే ఏంటో మా తాత తరానికి తెలుసు. చీరాల పేరాలల్ని మున్సిపాలిటీ చేసి పన్నులేస్తే, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట ఇళ్లూ వాకిళ్లూ వదిలి రామనగర్ పాకల్లో నెలల తరబడి ఉన్నారు. ఎండా వానా అక్కడే, పురుళ్లూ అక్కడే. ఇప్పటివాళ్లు వాట్సాప్ స్టేటస్ మారుస్తారు. మధ్యాహ్నానికి అదీ తీసేస్తారు, కాంట్రాక్టులు పోతాయని.

అయినా ఒకటి నాకు అంతుపట్టదు. అందరూ దొంగలే అంటారు, 2024లో రాష్ట్రంలో నూటికి 81 మందికి పైగా ఓటేశారు. మా బూత్‌లో చీకటి పడ్డా లైను తరగలేదు. నా ముందు నిలబడ్డ కుర్రాడు బెంగళూరు నుంచి రాత్రంతా బస్సులో నిలబడి వచ్చాడట. ఏ ఒక్కడి మీదా నమ్మకం లేదు తాతయ్యా అన్నాడు. మరెందుకురా ఇంత కష్టం అన్నాను. మా రోజుల్లో ఒకణ్ణి గద్దెక్కించడానికి వెళ్లేవాళ్లం.

‘దించడానికి’ అన్నాడు.

‘ఎవర్నిరా?’

‘ఎవరుంటే వాళ్లని.’