బిందెడు నీళ్లకు తప్పుడు చిట్కాలు

గోదావరికి ఎర్రనీరు దిగిందంటే చాలు, మంచినీళ్ల బిందె చుట్టూ సలహాలు చేరతాయి. "రాత్రంతా కదపకుండా ఉంచండి, తెల్లారేసరికి మట్టంతా అడుక్కి పోతుంది" అనే మాట మొదట వినిపిస్తుంది. ఇసుక పోతుంది. బంకమట్టి పోదు. మిల్లీమీటరులో వెయ్యోవంతుకన్నా చిన్న రేణువులు అందులో చాలా ఉంటాయి. వాటన్నిటి మీదా రుణావేశమే కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, కలిసి బరువెక్కవు. నీటి అణువులు కూడా వాటిని ఊరికే ఉండనివ్వవు. పాఠంలో కొల్లాయిడ్ అని చదువుకున్నది ఈ ఎర్రనీరే.

"అయితే పటిక దండిగా వెయ్యండి" అంటారు. ఈ సలహా నాకు అసలు నచ్చదు. పటికలోని అల్యూమినియం అయానుకు మూడు ధనావేశాలు. అది మట్టి రేణువుల రుణావేశాన్ని చల్లారుస్తుంది, జిగురులాంటి హైడ్రాక్సైడ్‌గా మారి వాటిని ముద్దకట్టిస్తుంది. మోతాదు మించితే రేణువుల మీద ధనావేశం పేరుకుని మళ్లీ నెట్టుకోవడం మొదలవుతుంది. తేరాల్సిన నీరు మసకగానే ఉండిపోతుంది, పైగా ఆమ్లగుణం పెరుగుతుంది. అందుకే నీటిశుద్ధి కేంద్రాల్లో అదే నీటిని కొన్ని జాడీల్లో పోసి, ఒక్కోదాంట్లో ఒక్కో మోతాదు పటిక కలిపి, ఏది బాగా తేరిందో చూశాకే వేస్తారు. ఇంట్లోనైతే పటికముక్కను నీళ్లలో కాసేపు తిప్పి తీసెయ్యాలి. తర్వాత గరిటెతో మెల్లగా కలిపితే సన్న ముద్దలు ఒకదానికొకటి తగిలి పెద్దవవుతాయి. అప్పుడు కదపకుండా ఉంచాలి. బిందె లోపల చిల్లగింజ అరగదీసిన పెద్దవాళ్లు చేసిందీ ఇలా రేణువుల్ని పోగుచేసే పనే.

అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట ఒకటుంది: "తేటగానే ఉన్నాయిగా, తాగెయ్యండి." తేరిన నీటిలో క్రిములు మిగిలి ఉండొచ్చు. కాచితే అవి చస్తాయి. కొన్ని బోరు నీళ్లలో ఉండే ఫ్లోరైడ్ మాత్రం నీటిలో పూర్తిగా కరిగి ఉంటుంది. చీకట్లో టార్చి వేస్తే కొల్లాయిడ్‌లో వెలుగుబాట కనబడుతుంది, ఫ్లోరైడ్‌కు అదీ ఉండదు. గుడ్డ దాన్ని ఆపలేదు. కాచితే నీరు ఆవిరైపోయి దాని గాఢత ఇంకా పెరుగుతుంది. మన దేశంలో ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బును మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. నల్గొండలో నడుములు వంగిపోయిన మనుషులు తాగినవి కూడా చూడ్డానికి తేటనీళ్లే.

లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉన్న నీరు తాగడానికి పనికిరాదు. మీ బోరు నీళ్లను ఒక్కసారి పరీక్ష చేయించండి.