ముందస్తు షావుకార్లు

ఇంకా విడుదలకాని వీడియో గేమును, విడుదలయ్యాక ఎలా ఉంటుందో తెలియకుండానే, డబ్బు చెల్లించి కొనడాన్ని ప్రీ ఆర్డర్ అంటారు. కొనేముందు అరడజను వెబ్‌సైట్లలో ధరలు సరిపోల్చి, కూపన్‌నూ కార్డు క్యాష్‌బ్యాక్‌నూ కలిపి, సుమారు 5,000 రూపాయల ఆటపై నాలుగైదు వందలు మిగుల్చుకునే శాస్త్రం ఒకటి నేడు వర్ధిల్లుతోంది. మరీ చౌకగా దొరికే ‘కీ’, అంటే ఆటను తెరిచే అక్షరాల, అంకెల సంకేతం, వేరే దేశంలో తప్ప పనిచేయదని తేలే సందర్భాలను ఆ శాస్త్రం పరిశోధన వ్యయం కింద జమకడుతుంది.

ఈ శాస్త్రాన్ని విశాఖ జాలరిపేటలో పరీక్షించడం సముచితం, ఎందుకంటే ముందస్తు సొమ్ము సంగతి తీరప్రాంతానికి కొత్తది కాదు. వేటకు వెళ్లే పడవకు డీజిలుకూ వలలకూ వ్యాపారి ముందుగా పెట్టుబడి ఇచ్చి, పడిన చేపను బజారు కన్నా తక్కువ ధరకు తనకే అమ్మాలని షరతు పెట్టడం అక్కడి వాడుక. మత్స్యకారుడి మెడకు అది గుదిబండే అయినా, ముందు డబ్బిచ్చినవాడిదే పైచేయి అన్న వ్యాపార సూత్రం మాత్రం అందులో చెక్కుచెదరలేదు. ప్రీ ఆర్డర్ ఆ సూత్రాన్ని తలకిందులు చేసింది: ముందు డబ్బిచ్చినవాడికి షరతు పెట్టే హక్కు ఉండదు, తరచుగా ధరా తగ్గదు, దక్కేదల్లా ఆటలోని పాత్రకు తొడిగే ఒక టోపీ, దానికే బోనస్ అని పేరు.

ఒకే ఆటను స్టాండర్డ్, డీలక్స్, అల్టిమేట్ అని విడదీసి అమ్మడం ఇందులో ఉన్నత విద్య. 2023లో స్టార్‌ఫీల్డ్ అనే ఆట ఖరీదైన ఎడిషన్ కొన్నవారికి సెప్టెంబరు 1న, మామూలుది కొన్నవారికి 6న తెరుచుకుంది. అంటే సిద్ధమైన సరుకును ఐదు రోజులు గదిలో పెట్టి తాళం వేసి, ఆ తాళంచెవిని విడిగా అమ్మారు.

సైబర్‌పంక్ 2077 చరిత్ర ఇంకా బోధప్రదం. పలుమార్లు వాయిదాపడి 2020 డిసెంబరు 10న వెలువడేనాటికి దానికి 80 లక్షల ప్రీ ఆర్డర్లు ఉన్నాయి. లోపాలు అంతకన్నా ప్రసిద్ధి చెందగా, వారం తిరగగానే సోనీ సంస్థ దాన్ని తన స్టోరునుంచి తొలగించి సొమ్ము వాపసు ఇవ్వజూపింది. ఏడాది తిరక్కుండానే అది సగం ధరకు దొరికింది, 2023 నాటి 2.0 అప్‌డేట్‌తో ప్రశంసలూ అందుకుంది. చందువ చేపకు సాయంత్రానికి ధర పడిపోతే అది పాడైపోతుందన్న కారణం ఉంది. ఆట మాత్రం రోజులు గడిచేకొద్దీ బాగుపడుతూ చౌకవుతుంది. అయినా తొందరంతా ఆట కొనేవారిదే, చేపను కొనేవారు మొప్ప ఎత్తి చూడందే బేరానికి దిగరు.

కల్పిత తొందర పుట్టించి అమ్మడం సహా 13 మోసపు పోకడలను నిషేధిస్తూ కేంద్రం 2023 నవంబరులో మార్గదర్శకాలు తెచ్చింది. డౌన్‌లోడ్ చేసుకునే ఆటకు స్టాకు అయిపోవడం అన్నది ఉండదని గ్రహించడానికి మార్గదర్శకం అవసరమా అన్నది వేరే ప్రశ్న. స్టీమ్ అనే స్టోరులో విడుదలకు ముందు ఎప్పుడైనా సొమ్ము వెనక్కి అడగవచ్చు, విడుదలయ్యాక 14 రోజుల్లో, 2 గంటలు ఆడకముందే అడగాలి; కొన్ని ఆటల్లో కథానాయకుడి ముక్కు తీర్చిదిద్దడానికే ఆ సమయం చాలదు.

ఆలస్యమైతే వడ్డీ, లోపముంటే తగ్గింపు అని పత్రం రాయించుకునే దాకా ఆటగాడి ధరల పోలిక ఎంత లోతుగా సాగినా, పడవకు పెట్టుబడి పెట్టి, పట్టిన చేపను ఎమ్మార్పీకే కొనుక్కునే షావుకారుగానే అతడు మిగులుతాడు.