పొగడచెట్టు కింద ఒట్టు

రేపట్నుంచి నడుస్తానని ఒట్టేసేవాళ్లకి మా చెన్నై తిరువొత్తియూరుని మించిన ఊరు లేదు. ఒట్టులో లొసుగు పెట్టడం ఇక్కడ స్థలపురాణంలోనే ఉంది. సంగిలి అనే అమ్మాయిని పెళ్లాడే ముందు శివభక్తుడు సుందరమూర్తి నాయనారు "నిన్ను విడిచిపోను" అని స్వామి సన్నిధిలో ప్రమాణం చెయ్యాల్సొచ్చింది. ఆయన ముందుచూపున్న మనిషి. "ఆ కాసేపు మీరు గుళ్లోంచి లేచి పొగడచెట్టు కింద కూర్చోండి స్వామీ" అని శివుడితోనే మాట్లాడుకున్నాడు. శివుడు సరేనన్నాడు. సంగిలి కలలోకి వెళ్లి, ఒట్టు చెట్టు కిందే వేయించుకోమనీ చెప్పొచ్చాడు!

ఒట్టు తప్పి ఊరి పొలిమేర దాటగానే నాయనారుకి రెండు కళ్లూ ఒక్కసారే పోయాయి. రావడం మాత్రం కంచిలో ఒకటి, తిరువారూరులో ఇంకొకటి. శివుడి స్నేహితుడికే విడతలవారీ వైద్యం. మా వీధి బావగారికేమో ఒక్క సూదితో అన్నీ తగ్గాలి.

షుగరు రిపోర్టు చేతికొచ్చిన రోజున బావగారు "రేపట్నుంచి వాకింగు" అంటారు. రేపు అమావాస్య. ఎల్లుండి వాన. ఆ పైవారం కొత్త బూట్లు కొన్నారు గానీ అవి కరుస్తున్నాయి. ఈ సంగతి తమిళనాడు సర్కారుకి ఎలా తెలిసిందో, 2021 ఆగస్టులో 'మక్కళై తేడి మరుత్తువం' (జనాన్ని వెతుక్కుంటూ వైద్యం) అనే పథకం పెట్టి బీపీ, షుగరు మాత్రలు గుమ్మంలోకే పంపసాగింది. మంచం దిగలేని ముసలివాళ్లకి నిజంగా ప్రాణదానం. బావగారు మాత్రం, మాత్రలు వచ్చినట్టే నడకా ఇంటికొస్తుందని ఎదురు చూశారు. 2023 నవంబరులో అదీ వచ్చింది, 'నడప్పోం నలం పెరువోం' (నడుద్దాం, ఆరోగ్యం పొందుదాం) అని, జిల్లాకో ఎనిమిది కిలోమీటర్ల బాట. "ఎనిమిదా? రెండుకి తగ్గించినప్పుడు చూద్దాం" అన్నారు.

మందంటే మాత్రం ఆయనకి దూరం లెక్కలేదు. 2021 మేలో కరోనాకి కృష్ణపట్నం ఆనందయ్య ఇస్తున్న మందు మాట చెవిన పడగానే, "ఈ లాక్‌డౌన్ లేకపోతేనా, నెల్లూరు జిల్లాకి నడిచైనా వెళ్లేవాణ్ణి" అన్నారు. దూరదూరంగా ఉండమన్న జబ్బుకి మందు కోసం జనం ఒకరిమీదొకరు పడ్డ చోటది.

పోనీ, ఆయన పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. తెల్లవారి గాలి పీల్చమని ఈ ఊళ్లో ఏ మొహం పెట్టుకుని చెప్తాం? ఓ పక్క మణలి రిఫైనరీ, ఇంకో పక్క ఎన్నూరు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వరదకి మణలి వైపు నుంచి చమురు కొట్టుకొచ్చి ఎన్నూరు కాలువలో తెట్టు కట్టింది. అదే నెల 26 రాత్రి, ఎరువుల ఫ్యాక్టరీకి సముద్రం అడుగున వేసిన గొట్టంలోంచి అమ్మోనియా లీకై, పెరియకుప్పం జనం నిద్రలోంచి లేచి ఊపిరాడక పరిగెత్తారు. మనిషి రోజుకి ఎన్ని అడుగులు వెయ్యాలో లెక్క చెప్పేవాళ్లు, ఆ గొట్టాన్ని రోజూ ఎవరు చూసుకుంటున్నారో అడగలేదు. ఫ్యాక్టరీలకీ 'రేపట్నుంచి' అనే జబ్బు ఉంటుంది కాబోలు. వాటికి షుగరు పరీక్ష చేసేవాడే లేడు.

బావగారు ఆ లీకు వార్తని పేపర్లోంచి కత్తిరించి పర్సులో పెట్టుకున్నారు. డాక్టరు నడవమన్నప్పుడల్లా తీసి చూపిస్తారు.